తాగనివాడి నాగాలు

గోదావరిఖని,
అక్టోబర్ 16, 2025.

అక్కా,

మొన్న మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు, కౌన్సెలింగ్ హాల్లో అందరి ముందు, బాపు నన్ను తాగుబోతునని చెప్పాడు. నేను తాగనని ఆయనకు తెలుసు. నీకూ తెలుసు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నాగాలు ఎక్కువైన కార్మికులను ఇంటివాళ్లతో సహా పిలిపించి మాట్లాడటం మీ గోలేటిలోనూ ఉంది, కిషన్ బావకు తెలుసు. భార్యను, తల్లినో తండ్రినో పక్కన కూర్చోబెడతారు. ఒక్కొక్కరినీ లేపి డ్యూటీకి ఎందుకు రావడం లేదని అడుగుతారు. నాకంటే ముందు లేచినవాళ్లలో ఒకరు అప్పులన్నారు, ఒకరు నడుం నొప్పి అన్నారు. మిగతా అందరిదీ తాగుడే. నా పేరు పిలిచారు. నేను నోరు తెరవకముందే బాపు లేచాడు.

"తాగుతడు సారూ. సోపతి మంచిగ లేదు. ఇగ మాన్పిస్త. నాది జిమ్మ."

ఆఫీసర్ ముఖం తేటపడింది. అంతవరకు నా కాగితాల్లో కారణం లేదు, ఇప్పుడు దొరికింది. "సంపత్, పెద్దాయన ఒప్పుకున్నరు. నువ్వేమంటవ్?" అన్నారు.

"నాకా అలవాటు లేదు సార్" అన్నాను.

వెనక వరసలోంచి ఎవరో "మాకు సుత లేదు తియ్యి!" అన్నారు. హాలంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న యమున తల వంచుకుంది. శనివారం మద్యం మాన్పించే క్లాసుకు రమ్మన్నారు. రాకపోతే, డ్యూటీ పెరగకపోతే, విచారణ మొదలవుతుందన్నారు. విచారణ అంటే చివరికి ఉద్యోగం తీసేయడమే.

సాయంత్రం బిక్షం వచ్చాడు. గనిలో నాతో ఒకే జట్టులో పైకప్పుకు దిమ్మెలు నిలబెట్టే సపోర్టుమన్. గడపలోనే నిలబడి, "ఇన్నేండ్ల సోపతి మనది. ఒక్కనివే తాగుతున్నవారా? ఒక్కనాడన్న పిలిచినవా?" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. చాయ్ కూడా తాగకుండా పోయాడు.

దసరా ముందు నువ్వు పంపిన పుస్తకం చదివాను. నా అభిప్రాయం అడిగావు కాబట్టి చెబుతున్నాను. అలవాట్ల మీద గెలుపు గురించిన మనస్తత్వ శాస్త్రమని అట్ట మీద ఉంది. పొద్దున ఐదింటికి లేస్తే జీవితం మారుతుందని మొదటి అధ్యాయం. మన కాలనీలో ఫస్టు షిఫ్టు వాళ్లు తాతల కాలం నుంచి నాలుగున్నరకే లేస్తున్నారు. ఎవరి జీవితం మారిందో ఆ రచయిత వచ్చి చూపించాలి. మూడో అధ్యాయంలో ఒక ఉద్యోగి ఆఫీసుదాకా వెళ్లి, లోపలికి పోలేక కారులోనే కూర్చుంటాడు. నీ ఆశయాలు రాసుకో అని రచయిత సలహా ఇస్తాడు. అతను రాసుకుంటాడు, లేచి వెళ్తాడు, ప్రమోషన్ వస్తుంది. అతను కారులో ఎందుకు కూర్చున్నాడో రచయిత అడగడు. పుస్తకం అయిపోయేదాకా అడగడు. ఆ పేజీ దగ్గర గోడకేసి కొట్టాను. అట్ట ఊడింది. అంటించి పంపుతున్నాను.

ఒక్క మాట అడుగుతాను. బాపు అబద్ధం ఆడితే తడబడతాడు. ఆ రోజు తడబడలేదు. ఆ మాట ఆయనకు ఎవరు నేర్పారు?

సంపత్


గోలేటి,
అక్టోబర్ 22.

తమ్ముడూ,

పుస్తకం అందింది. అట్ట సరిగా అంటించలేదు.

దసరా నాడు ఫోన్లో మనం ఒకరినొకరం అనుకున్న మాటలు ఇంకెప్పుడూ అనుకోకూడదని, ఏదున్నా ఉత్తరాలే రాసుకుందామని షరతు పెట్టింది నేనే. కాగితం మీదైతే అరవలేవనుకున్నాను. అరవగలవని తెలిసింది.

పరువు పోయిందని నీ బాధ. పోయింది. ఉద్యోగం ఉంది. ఈ రెండింటిలో ఏది పోతే యమునా పాపా వీధిన పడతారో నువ్వే చెప్పు. జూలై నుంచి నీ పద్ధతి ఏమిటో యమున నాకు చెబుతూనే ఉంది. పొద్దున యూనిఫాం వేసుకుని, టిఫిన్ పట్టుకుని బయలుదేరుతావు. సాయంత్రం ఇంటికొస్తావు. నెలాఖరున చూస్తే సగం రోజులు గనిలో లేవు. ఎక్కడున్నావంటే చెప్పవు. జూదం కాదు, ఇంకో ఆడది కాదు, చిట్టీల వ్యాపారం కాదు. మరి ఏమిటి? నువ్వు చెప్పనప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలి కదా. అది ఎవరు నేర్పితే ఏంటి?

ఎనిమిదేళ్ల కింద మెడికల్ బోర్డు బాపును అన్‌ఫిట్ అన్నది. ఆయన బదులు ఇంట్లో ఒకరికి ఉద్యోగం. అప్పటికి నా డిగ్రీ అయిపోయింది, పెళ్లి కాలేదు. నువ్వింకా డిగ్రీ తప్పి తిరుగుతున్నావు. కాగితాల మీద నీ పేరు రాశారు. ఆ రోజు వంటింట్లో నేను మక్కగట్క కలుపుతున్నాను. ఎవరూ నా వైపు చూడలేదు. ఇక్కడ నేను ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి లెక్కలు చెబుతున్నాను. దూరవిద్యలో సైకాలజీ ఎమ్మే కట్టి పాసయ్యాను, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నువ్వు ఆ ఉద్యోగాన్ని పారేసుకుంటుంటే నేను చూస్తూ కూర్చోవాలా?

ఈసారి సైకాలజీ వద్దు. గని మీద రాసిన నవల పంపుతున్నాను. మా బడి హెడ్మాస్టర్ ఇచ్చారు. నాకు బాగా నచ్చింది. మంటలు లేచిన గనిలోకి తోటివాళ్ల కోసం దిగే మనిషి ఉన్నాడు అందులో. గనిలో పనిచేసేవాడు ఎలా ఉండాలో చదువు. చదివి ఏమనిపించిందో రాయి.

సంధ్యారాణి


గోదావరిఖని,
నవంబర్ 2.

అక్కా,

నవల చదివాను. ఆ రచయిత ఎప్పుడైనా గనిలోకి దిగితే ఒక్క షిఫ్టు దిగి ఉంటాడు, అదీ అతిథిగా, తెల్ల హెల్మెట్ పెట్టుకుని.

అందులో వీరయ్యకు దేనికీ భయం లేదు. ఐదో పేజీలో లేదు, నాలుగు వందలవ పేజీలోనూ లేదు. భయం లేనివాడికి ధైర్యం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇలాంటి నవలలు చాలా చదివాను. వీటిలో గని కార్మికుడికి రెండే పనులు. జెండా పట్టుకోవాలి, లేదా చనిపోవాలి. మధ్యలో ఏ రోజైనా వాడికి పోబుద్ధి కాదు అన్న మాట ఒక్క నవలలోనూ కనబడదు.

పైకప్పు కూలే అధ్యాయమైతే చదవలేకపోయాను. "పిడుగు పడినట్టు, చెప్పాపెట్టకుండా" కూలిందని రాశాడు. అలా కూలదు. మొదట చప్పుడు చేస్తుంది. పిడుగు చప్పుడు కాదు, చాలా చిన్నది. ఎండిన పుల్ల ఎవరో పక్క గదిలో విరిచినట్టుంటుంది. విన్నానా లేదా అని అనుమానం వస్తుంది. పక్కవాడి ముఖం చూస్తావు. వాడికి వినబడలేదు. ఇంకోటి. అప్పుడు సన్నగా దుమ్ము రాలుతుంది, జల్లెడ పట్టినట్టు. క్యాప్ ల్యాంపు వెలుతురులో అది మెల్లగా దిగడం కనబడుతుంది. అప్పుడు వీరయ్య తల్లిని తలచుకున్నాడట, ఊరి చెరువు గుర్తొచ్చిందట. రెండు పేజీలు తలచుకున్నాడు. ఎవరూ ఏదీ తలచుకోరు అక్కా. అన్నం డబ్బాలో దుమ్ము పడుతుందే అని మూత కోసం చూస్తారు. లేవాలని తోచదు. చెయ్యి మూత కోసం వెతుకుతుంది. ఎవరో భుజం పట్టి లాగితే లేస్తారు. లాగినవాడికి కూడా ఎందుకు లాగాడో తెలియదు. తర్వాత చప్పుడు. ఆ చప్పుడు చెవిలో పడదు, కడుపులో పడుతుంది. గాలి నోట్లోకి మట్టిని కొడుతుంది. ల్యాంపు వెలుగుతూనే ఉంటుంది కానీ ఏమీ కనబడదు. తెల్లగా ఉంటుంది. బొగ్గు గనిలో అంత తెల్లగా ఉంటుందని ఏ రచయితా రాయడు.

ఇవేవీ తెలియనివాడు గనిలో మనిషి ఎలా ఉండాలో నాకు నేర్పుతాడా? మీ హెడ్మాస్టర్‌కు నా నమస్కారం చెప్పు. పుస్తకం ఈసారి గోడకు కొట్టలేదు.

శనివారం క్లాసుకు పోలేదు. తాగనివాణ్ని, ఏం మానాలి?

సంపత్


గోలేటి,
నవంబర్ 6.

సంపత్,

నవల మీద నువ్వు రాసింది ఒక పేరా. పైకప్పు మీద రాసింది పేజీన్నర.

ఆ అధ్యాయం మళ్లీ చదివాను. అన్నం డబ్బా అందులో లేదు. మూత లేదు, భుజం పట్టి లాగినవాడు లేడు. వెనకా ముందూ కూడా వెతికాను, ఎక్కడా లేదు.

ఏం జరిగింది?

నా మీద నీకున్న కోపం తర్వాత చూసుకుందాం. నాకూ తక్కువ లేదు. ముందు ఇది చెప్పు.

అక్క


గోదావరిఖని,
నవంబర్ 12.

అక్కా,

ఏమీ జరగలేదు. అదే నా బాధ.

జూలైలో, ఫస్టు షిఫ్టు, అన్నం వేళ. నేనూ బిక్షం రోజూ కూర్చునే చోటే కూర్చున్నాం. సపోర్టు సరిగానే ఉంది, జట్టును చూసుకునే సర్దార్ చాంద్ పాషా పొద్దునే పైకప్పును కర్రతో కొట్టి చూశాడు. నవల పేరు చెప్పి నీకు రాసినవన్నీ అక్కడ జరిగినవే. బిక్షం లాగాడు. మంచమంత బండ నేను కూర్చున్న చోట పడింది. ఎవరికీ గీత కూడా పడలేదు. చాంద్ పాషా వచ్చి ఆ జాగా మూయించాడు, రాసుకోవాల్సింది రాసుకున్నాడు. బిక్షం నవ్వి, "నీ బువ్వ వోయింది గదరా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తన డబ్బాలో సగం నాకు పెట్టాడు, తిన్నాను. షిఫ్టు పూర్తిచేసి ఇంటికొచ్చాను. యమునతో డబ్బా పోగొట్టుకున్నానని చెప్పాను. తిట్టింది.

మూడో రోజు గని దాకా పోయి లోపలికి అడుగు పెట్టలేకపోయాను. కాళ్లు సరిగానే ఉన్నాయి, జ్వరం లేదు. పోలేకపోయాను. ఎదురు తిరిగి చౌరస్తా దగ్గరి గ్రంథాలయానికి పోయాను. పొద్దున అది తెరిచేదాకా చాయ్ హోటల్లో కూర్చుంటాను. షిఫ్టు వదిలే వేళకు లేస్తాను. నేను పోయిన చోటు అదే. కొన్ని రోజులు బలవంతంగా గనిలోకి దిగాను. ఆ రోజులన్నీ పైకే చూస్తాను. చేతిలో పని సాగదు, పక్కవాళ్లకు నా వల్ల ప్రమాదం.

ఎన్ని పుస్తకాలు చదివానో నాకు తెలియదు. భయాల మీద నువ్వు పోయినేడు పంపిన లావు పుస్తకం మళ్లీ తీశాను. లిఫ్టు భయమున్న మనిషిని మొదటి వారం లిఫ్టు ముందు నిలబడమంటుంది. రెండో వారం లోపలికి అడుగు పెట్టి బయటికి రమ్మంటుంది. మాకు రెండో వారం ఉండదు. గని ముందు నిలబడి వెనక్కి వస్తే దాని పేరు చికిత్స కాదు, నాగా. ఇంకో చోట, "జరగగల అతి పెద్ద కీడు ఏమిటో కాగితం మీద రాయండి, అది జరగదని మీకే తెలుస్తుంది" అంటుంది. రాశాను. జరగదని తెలియలేదు. ఆ పుస్తకంలో భయపడేవాళ్లందరూ లేనిదానికి భయపడతారు. నాది ఉన్నది. నవలలకు ఎవరైనా చనిపోవాలి, సైకాలజీకి ఏదైనా పోవాలి. అన్నం డబ్బా పోయినవాడికి ఎవరి దగ్గరా అధ్యాయం లేదు.

ఇది చెప్పడానికి నీకు రాయలేదు.

నిన్న బాపును నిలదీశాను. "నాకేం ఎరుక? మీ అక్కనే జెప్పింది. సదువుకున్నది. తాగుతడంటె నౌకరి వోదన్నది" అన్నాడు.

నువ్వు. సైకాలజీ ఎమ్మే. నాకు పుస్తకం మీద పుస్తకం పంపి, నీ మనసును తెలుసుకో అని ముందు పేజీలో రాసి పంపిన నువ్వు. మనవాళ్లలో నాకున్నదానికి పేరు తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే. ఆ పేరు పక్కన పెట్టి తాగుబోతు అన్న పేరు ఇప్పించావు. అక్టోబర్‌లో నేనడిగితే "ఎవరు నేర్పితే ఏంటి" అని రాశావు. ఆ వాక్యం రాసేటప్పుడు నేర్పింది నువ్వేనని నీకు గుర్తులేదా?

విచారణ నోటీసు వచ్చింది. నవంబర్ 24. ఇంటివాళ్లలో ఒకరు రావాలట. తాగుడు ఒప్పుకుని, మానేస్తానని సంతకం పెడితే ఇంకో మూడు నెలలు చూస్తారు. లేదంటే తీసేస్తారు.

దీనితో ఒక నవల పంపుతున్నాను. ఒక మేనత్త కథ. పుస్తకాలు పంపడం నీకొక్కదానికే చేతనవుతుందని అనుకోకు.

సంపత్


గోలేటి,
నవంబర్ 16.

తమ్ముడూ,

అవును, నేనే చెప్పించాను. గుర్తుండే రాశాను.

యమున నాకు చెప్పినవి ఇవి. నిద్రలో లేచి కూర్చుంటావు. ముసురులో కూడా మంచం బయటే వేసుకుంటావు. స్లాబు కింద అన్నం తినవు. నేను రాసి పాసైన పరీక్షలో ఇవి ఒక ప్రశ్న. పైకప్పు సంగతి నాకు తెలియదు కానీ ఇది తాగుడు కాదని తెలుసు. తెలిసే చెప్పించాను. ఎందుకో విను.

మన క్వార్టర్ల లైన్లో సారక్క కొడుకును ఒకసారి హైదరాబాద్ తీసుకుపోయి మనసు డాక్టర్‌కు చూపించారు. పిల్లవాడు బాగై వచ్చాడు. ఇవాళ్టికీ వాణ్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, మెంటల్ అనే పిలుస్తారు. తాగుబోతుకు ఆ గతి లేదు. తాగుబోతుకు పిల్లనిస్తారు, చిట్టీలో చేర్చుకుంటారు, పీరీల పండుగకు నిప్పుల గుండం తవ్వమని పిలుస్తారు. తాగుడు మన దగ్గర జలుబు లాంటిది. అందుకే నిన్ను అందులో దాచాను. నా ఎమ్మే పుస్తకాల్లో ఈ సంగతి లేదు. ఆ పుస్తకాల్లో అందరికీ తలుపు వేసుకోవడానికి ఒక గది ఉంటుంది. మన క్వార్టర్లో గోడవతల దగ్గితే ఇవతల మందు పేరు చెబుతారు.

నువ్వు చెప్పకుండా దాచి, నన్ను మాత్రం దాచానని నిలదీస్తున్నావు. నాలుగు నెలలు! చాయ్ హోటల్లో యూనిఫాం వేసుకుని కూర్చున్నావా? అక్కడ నిన్ను చూసినవాడు ఒక్కడైనా ఇంటికొచ్చి చెప్పలేదా? అందరి మీదా కోపంగా ఉంది.

నువ్వు పంపిన నవల చదివాను. అన్నదమ్ములకు వండి పెట్టి, వాళ్ల పిల్లలను పెంచి, ఏమీ అడగకుండా పోయే మేనత్త. రచయిత ఆమె ఓర్పును పేజీకొకసారి మెచ్చుకుంటాడు. మొదట ఆయన మీద కోపం వచ్చింది. ఇంటెడు చాకిరీకి ఓర్పు అని పేరుపెట్టి చేతులు కడుక్కున్నాడు. సగం అయ్యాక ఆమె మీద వచ్చింది. పొలం పంచేటప్పుడు గుమ్మం దగ్గరే ఉంది కదా, నోరు తెరిచి నాకూ కావాలని ఎందుకు అనదు? అనేసి లేచి బట్టలుతకడానికి పోయాను. ఉతుకుతుండగా తెలిసింది. నేను కూడా అనలేదు. మక్కగట్క కలుపుతూ ఉన్నాను.

అప్పుడే బాపుకు ఫోన్ చేశాను.

"బాపూ, ఆ నౌకరి నాకు గావాలని ఉండె."

"ఏ నౌకరి బిడ్డా?"

"నీ నౌకరి. సంపత్‌కు ఇచ్చినవు గద."

టీవీ చప్పుడు వినబడుతోంది. "అడుగకపోతివి" అన్నాడు.

"అడిగితే ఇస్తుంటివా?"

"లే" అన్నాడు. "ఇయ్యకపోతుంటి."

"మంచిది" అని పెట్టేశాను.

లోపలిది బయటికి చెబితే తేలికపడతామని పుస్తకాలన్నీ రాస్తాయి. నాకేం తేలిక కాలేదు. ఇంకా మండింది. కానీ ఇన్నేళ్లు నీ మీద పెట్టిన కోపంలో సగానికి పైగా నీది కాదని లెక్క తేలింది. మిగతాది నీదే.

24న ఏం చెబుతావు? ఆలోచించి రాయి. ఉద్యోగం పోతే పోయింది అని మాత్రం రాయకు. అది నవలల్లోవాళ్ల మాట.

సంధ్యారాణి


గోదావరిఖని,
నవంబర్ 19.

అక్కా,

సంతకం పెట్టను. ఉద్యోగం పోతే పోయింది అనీ అనను. ఉద్యోగం కావాలి. పోతే ఈ కంపెనీ క్వార్టరూ పోతుంది, బాపు అవ్వలతో సహా అందరం వీధిన పడతాం.

యమునకు అన్నీ చెప్పాను. గ్రంథాలయం సంగతి కూడా. ఏడుస్తుందనుకున్నాను. చీపురు కింద పడేసి, "నువ్వు తాగినా బాగుండు. వాసనకన్న పసిగడుతుంటి. పుస్తకాల వాసన ఎవలకు దెలుస్తది?" అన్నది. తర్వాత, "నా డబ్బా బండ కింద ఉన్నదా? పోగొట్టినవని తిడితిని గద" అని పొయ్యి ముట్టించలేదు. ఆ రోజు వంట అవ్వ చేసింది.

చాంద్ పాషా దగ్గరికి పోయాను, జరిగింది విచారణలో చెబుతాడేమోనని. మంచిగానే మాట్లాడాడు. "డర్ నాకు సుత ఉంటది సంపత్. డర్ లేనోని పక్కపొంటి నేను నిలవడ" అన్నాడు. సాక్ష్యానికి రమ్మంటే మాత్రం, "ఏడాదిల రిటైరైతున్న. నా పేరు తియ్యకు భాయ్" అన్నాడు. ఆయనను తప్పు పట్టలేను, అయినా దారంతా తిట్టుకుంటూ వచ్చాను. బిక్షం వస్తానన్నాడు. "తాగుతలేవా మరి? ఉత్తగనే అలిగిన గదరా నీ మీద" అని నాకు చాయ్ తాగించాడు.

బాపు రాడు. "నలుగుట్ల అన్న మాట మల్ల నేనెట్ల మింగాలె? భయమంటె నవ్వుతరు. నేను ముప్పై ఏండ్లు దిగిన. నాకు లేదా భయం?" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. అన్నట్టు ఆయనకే తెలియలేదు. బీడీ ముట్టించుకుని బయటికి పోయాడు. నేను వెంట పోయి అడగాల్సింది. కోపంగా ఉండి పోలేదు.

నేను చెప్పబోయేది ఇంతే. తాగను. జూలైలో బండ పడింది. అప్పటి నుంచి గనిలోకి పోలేకపోతున్నాను. నన్ను డాక్టర్‌కు చూపించండి, ఆయన చెప్పేదాకా పైన ఏ పనైనా ఇవ్వండి. చదివిన పుస్తకాల్లోంచి ఒక్క మాట కూడా వాడను. వాడితే నేర్చుకొచ్చి చెబుతున్నాననుకుంటారు.

ఒప్పుకుంటారా లేదా తెలియదు. ఇంటివాళ్లు ఎవరూ రాకపోతే బాపు మాటే రికార్డులో ఉంటుంది. యమున వస్తానంటోంది కానీ, ఆ రోజు పక్కనే ఉండి తను కాదనలేదు కదా, నమ్ముతారా?

నిన్ను రమ్మని అడగడం లేదు. ఆ మాట పుట్టించినదానివి నువ్వే. నువ్వెట్లా వస్తావు?

సంపత్


గోలేటి,
నవంబర్ 21.

తమ్ముడూ,

పుట్టించినదాన్ని కాబట్టే వస్తాను. బడికి సెలవు పెట్టాను. హెడ్మాస్టర్ కారణం అడిగితే ఇంట్లో విచారణ ఉందన్నాను. ఎవరిదంటే నాదన్నాను.

నువ్వెవరని అడుగుతారు. అక్కనని చెబుతాను. మీ నాన్న అలా ఎందుకన్నాడని అడుగుతారు. నేను అనమంటే అన్నాడని చెబుతాను. ఎందుకు అనమన్నావని అడిగితే, సారూ, ఈ హాల్లో ఏ కారణం చెబితే క్షమిస్తారో మాకు తెలుసు కాబట్టి అంటాను. కౌన్సెలింగ్‌లో తాగుడన్న మిగతావాళ్లలో ఎంతమంది నిజంగా తాగుతారో కూడా అడగాలని ఉంది. అది అడిగితే నీకు నష్టం, అందుకని అడగను. చాలా కష్టపడి అడగకుండా ఉంటాను.

నాకు నీ మీద కోపం పోలేదు. నాలుగు నెలలు నాకొక్క ముక్క రాయకుండా, వీరయ్యను అడ్డం పెట్టుకుని చెప్పినందుకు ఎప్పటికీ పోదేమో. నీకూ పోలేదని తెలుసు. నువ్వు పోగొట్టుకోవాల్సిన పని లేదు. విచారణ హాల్లో మాత్రం మనిద్దరం ఒక వైపు కూర్చుంటాం.

మంగళవారం పది గంటలకు కరీంనగర్‌లో మనసు డాక్టర్ దగ్గర నీ పేరు రాయించాను. సోమవారం వాళ్లు ఏమన్నా సరే, మంగళవారం పోతున్నాం. బస్టాండులో ఎవరైనా చూసి ఎక్కడికని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాను, నువ్వు నా కొంగు గుంజకు.

బాపును రేపు నేనే ఫోన్లో అడుగుతాను. రాకపోతే మానె.

పోస్టులో వేస్తే సోమవారంలోగా అందదని దీన్ని బస్సులో పంపుతున్నాను. సోమవారం తెల్లవారుజాము బస్సుకు బయలుదేరుతున్నాను. యమునను, బిక్షాన్ని తీసుకుని పదిన్నరకు ఆఫీసు గేటు దగ్గర ఉండు. విచారణ పదకొండు గంటలకు. ముందు నీ పేరు పిలుస్తారు. ఈసారి నీకంటే ముందు ఎవరూ లేవరు.

అక్క